దారం చుట్టిన మౌత్‌పీస్

నా దగ్గరికి వచ్చిన ట్రంపెట్ వాద్యకారులంతా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఏ మౌత్‌పీస్ మంచిది?" జనగామ స్టేషన్ రోడ్డులో బ్యాండ్ వాయిద్యాల మరమ్మతు దుకాణం తెరిచిన రోజు నుంచి దాన్ని మరొకరికి అప్పగించి ఇంటికి వచ్చిన రోజు వరకు ఆ ప్రశ్న మారలేదు. నా ఎదురుప్రశ్నలూ మారలేదు. ఎవరికి? ఎంతసేపు వాయించడానికి? కూర్చుని వాయిస్తారా, పెళ్లి బరాత్ ఊరేగింపులో నడుస్తూ వాయిస్తారా? చాలామందికి ఇవి విసుగు పుట్టించేవి. వారికి కావలసింది ఒక పేరు. ఆ పేరున్న వస్తువు కొనుక్కుని మర్నాటి నుంచి మొనగాళ్లయిపోవాలి. అలాంటి పేరు నాకు దొరకలేదు. దొరికిందని చెప్పేవాళ్లు మాత్రం చాలామంది దొరికారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని పెళ్లిళ్లకు వాయించాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. చెప్పిన మాటను చెప్పినట్టు నమ్మకుండా పరీక్షించి చూసినందువల్ల ఒక మనిషి వృత్తి ఎలా నిలబడిందో ఉంటుంది.

ముందు తెలియనివారి కోసం కొంత వివరణ. ట్రంపెట్‌లో ధ్వని పుట్టించేవి వాయించేవాడి పెదవులు. ఆ కదలికను గొట్టంలోని గాలికి అందించేది మౌత్‌పీస్. పెదవికి ఆనే గుండ్రని అంచు, దాని లోపలి గిన్నె, గిన్నె అడుగున సన్నని గొంతు, గొట్టంలోకి దూరే కాడ: ఇవీ దాని భాగాలు. అంచు గురించి, గిన్నె గురించి, గొంతు గురించి బ్యాండ్ గదుల్లో పొద్దంతా వాదనలు జరుగుతాయి. కాడను ఎవరూ చూడరు.

కళాశాల మూతబడినప్పుడు

మాది పాలకుర్తి దగ్గర వ్యవసాయ కుటుంబం. హనుమకొండలో భౌతికశాస్త్రంతో బియ్యెస్సీ చదువుతుండగా 1969 ఉద్యమం వచ్చింది. తరగతులు ఆగిపోయాయి. ఊరేగింపులు, లాఠీలు, మూతబడిన గేట్లు. చదువు ఎప్పుడు మళ్లీ మొదలవుతుందో ఎవరికీ తెలియని ఆ రోజుల్లో జనగామలో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. ఆ ఇంటి పక్కనే ఉస్తాద్ ఖాసిం బ్యాండ్ గది.

జనగామ చుట్టుపక్కల పెద్ద పెళ్లి అంటే ఖాసిం బ్యాండే. బక్కపలచని మనిషి, మెడలో ఎప్పుడూ తెల్ల రుమాలు. ట్రంపెట్ ఎత్తితే మాత్రం వీధి చివర ఉన్నవాళ్లు కూడా తల తిప్పి చూసేవారు. నేను ఆయన దగ్గరికి వెళ్లింది సంగీతం మీద ప్రేమతో కాదు. మూడే మీటలున్న వాయిద్యంలో అన్ని స్వరాలు ఎలా పలుకుతున్నాయన్న సందేహంతో వెళ్లాను. గాలి స్తంభాల గురించి పుస్తకంలో చదివినదంతా ఆయనకు వివరించాను. ఆయన ఓపికగా విన్నారు.

"అయిందా?" అన్నారు చివరికి. "ఇగ గా పుస్తకం మూసి గిది ఊదు. నువ్వు జెప్పింది నిజమైతే మోగుతది. లేకుంటే మోగది."

ఊదాను. మోగలేదు. గది నిండా నవ్వులు. అంతకంటే న్యాయమైన ప్రయోగశాల నాకు ఏ కళాశాలలోనూ కనిపించలేదు. ఆ రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఏ బియ్యెస్సీ" అనేవారు, అంతే.

కళాశాల తెరిచాక వెళ్లి పట్టా తెచ్చుకున్నాను. తెచ్చుకుని తిరిగి బ్యాండ్‌కే వచ్చాను. మా నాయిన భోజనం దగ్గర గిన్నె పక్కకు నెట్టి, "మన ఇంటోడు మంది పెండ్లిళ్లల్ల బూర ఊదుకుంట తిరుగుతడా? నల్గుర్ల తలెత్తుకునుడెట్లరా?" అన్నారు. తలెత్తకుండా ట్రంపెట్ వాయించడం సాధ్యం కాదని జవాబిచ్చాను. మా అవ్వ, అంటే అమ్మ, నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. ఆ నవ్వే నాకు అనుమతి పత్రం.

చద్దర్ వెనక పరీక్ష

ఖాసిం నా ఉస్తాద్. ఆయన నేర్పిన దాంతోనే నేను బతికాను. అయినా ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి: ట్రంపెట్ గురించి ఆయనకు తెలిసినదంతా నిజం, మౌత్‌పీస్ గురించి ఆయన చెప్పినదాంట్లో సగం అబద్ధం. తెలిసి చెప్పిన అబద్ధాలు కావు. తన ఉస్తాద్ దగ్గర విని, పరీక్షించకుండా మాకు అందించినవి. గిన్నె పెద్దదైతే మోత పెద్దది. వెండి పూత ఉన్నదాంట్లో తేనె ఉంటుంది, ఉత్త ఇత్తడిలో ఉండదు. దొడ్డు పెదవులవాడు ట్రంపెట్‌కు పనికిరాడు. ఇలాంటివి.

వెండి సంగతి తేల్చాలని నాకు కోరిక పుట్టింది. ఆయనకు తన ఉస్తాద్ ఇచ్చిన వెండి పూత మౌత్‌పీస్ ఒకటి ఉండేది. దాని ధ్వనిని నిద్రలో కూడా గుర్తుపడతానని ఆయన అనేవారు. నిద్ర అవసరం లేదు, చద్దర్ చాలు అన్నాను. గుమ్మానికి అడ్డంగా ఒక చద్దర్, అంటే దుప్పటి, కట్టాం. ఆయన అవతల కుర్చీలో కూర్చున్నారు. ఇవతల నేను, నా పక్కన ధర్మా.

ధర్మా మానుకోట దగ్గరి తండా మనిషి. మానుకోట అంటే మహబూబాబాద్. మా వైపు ఎవరూ పెద్ద పేరు పలకరు. ఇంట్లో లంబాడీ, బ్యాండ్‌లో తెలుగు, ఉస్తాద్‌తో ఉర్దూ మాట్లాడేవాడు. మా బ్యాండ్‌లో రెండో ట్రంపెట్ అతనిది. విన్న పాటను మరుక్షణం వాయించగల చెవి. నాకు ఏది ఇస్తున్నాడో నాకే తెలియకూడదని కళ్లకు గుడ్డ కట్టుకున్నాను. వాయించేవాడికి తెలిస్తే వాయింపు మారుతుంది, అప్పుడు పరీక్ష చెల్లదు. వెండిదో, ఇత్తడిదో తనకు తోచింది ధర్మా ట్రంపెట్‌కు పెట్టి ఇస్తాడు. నేను ఒకే స్వరం, ఒకే బలంతో ఊదుతాను. ఉస్తాద్ చెప్పాలి.

"వెండి!" అన్నారు ఉస్తాద్ మొదటిదానికే. "తేనె కారుతున్నది, వినస్తలేదా?"

అది ఇత్తడి. పొద్దు గడిచేకొద్దీ తేలింది ఏమిటంటే, నాణెం ఎగరేసి చెప్పినా ఇంతకంటే తప్పు రాదు. ఉస్తాద్ రుమాలుతో ముక్కు తుడుచుకున్నారు. "జర సర్ది అయింది బేటా. చెవులు గుయ్యిమంటున్నయి. రేపు జేద్దాం."

మర్నాడూ అదే ఫలితం. "చద్దర్ దొడ్డుగున్నది. అండ్లకెల్లి తేనెట్ల వస్తది?" అన్నారు.

"పలుచటి చద్దర్ తేవాల్నా ఉస్తాద్, మలమల్ గుడ్డ తేవాల్నా?" అని ధర్మా లోపలి నుంచి అడిగి, నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు చద్దర్ దాటింది. ఖాసిం లేచి వెళ్లిపోయారు. నాపై ఆయనకు కోపం రాలేదు. బియ్యెస్సీ గాడు ఇంతే అనుకున్నారు. ధర్మాపై మాత్రం వచ్చింది.

కొన్నాళ్లకు ధర్మా పెదవి పగలడం మొదలైంది. పై స్వరాలకు వెళ్లేసరికి ట్రంపెట్‌ను పెదవికి అదిమి పట్టేవాడు. పాట ముగిసేసరికి అంచు కింద రక్తం. స్వరం కూడా ఒణికేది. ఉస్తాద్ అందరి ముందు తీర్పు చెప్పారు: "నీ పెదవులు ట్రంపెట్ పెదవులు కావు ధర్మా. దొడ్డున్నయి. పెద్ద డోలు కొట్టుకో, బతుకుతవ్."

"డోలు కొట్టెటందుకు మీ దగ్గరెందుకు ఉస్తాద్? మా తండల గొట్టుకుంట," అన్నాడు ధర్మా. ట్రంపెట్ అతని సొంతం. దాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

బూలి చెప్పిన షరతు

ఎనభైల మొదట్లో నేను వాయించడం తగ్గించి దుకాణం పెట్టుకున్నాను. మరమ్మతులు నాకు వాయింపు కంటే ఎక్కువ నచ్చాయి. చెడిపోయిన వాయిద్యం అబద్ధం చెప్పదు. ఒక వేసవి ఉదయం మానుకోట బండి దిగి ధర్మా వచ్చాడు. వెంట అతని భార్య బూలి. అద్దాల రవిక, చేతుల నిండా గాజులు, దుకాణంలో ఉన్న కుర్చీ చూపించకముందే కూర్చున్న మనిషి.

తండావాళ్లతో ధర్మా సొంత బ్యాండ్ పెట్టుకున్నాడని విన్నాను. దానికి మొదటిసారి ఒక పెద్ద పెళ్లి దొరికింది. భూపాలపల్లిలో అమ్మాయి తరఫు బ్యాండ్ వాళ్లది. అబ్బాయి తరఫు బ్యాండ్ ఖాసింది.

దీని అర్థం మా ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎదురుకోళ్ల వేళ ఊరి పొలిమేరలో రెండు పక్షాలూ కలుస్తాయి, రెండు బ్యాండ్లూ ఎదురెదురుగా నిలబడతాయి. ఒకరు వాయించిన దాన్ని రెండోవారు అందుకుని, ఒక మెట్టు పైకి తీసుకుపోవాలి. ఎవరు ముందు ట్రంపెట్ దించితే వారి బ్యాండే వెనక నడవాలి. గెలిచినవారు ముందు నడుస్తూ పందిరి దాకా పోతారు. ఆ దారిన చూసిన ప్రతి ఇంటివాళ్లూ తమ పెళ్లికి ఎవరిని పిలవాలో అక్కడే నిర్ణయించుకుంటారు.

ధర్మా పెదవి చూశాను. పాత గాయంపై కొత్త గాయం.

"అన్నా, నేను ఉన్నమాట జెప్త," అంది బూలి. "రోజు పెదివికి వెన్న రాసుడు నాకు పనైంది. పిల్లలకు లేని వెన్న ఈయిన మూతికి పోతున్నది. గీ పెండ్లిల గెలిస్తె బ్యాండ్ ఉంటది. ఓడితె ట్రంపెట్ అమ్మి బొంబాయి పోతం, మట్టి పనికి. మా తండోళ్లు సగం మంది ఆడనే ఉన్నరు. నేను మాట తీసుకున్న ఈయిన దగ్గర."

"నీకు పోవుడు ఇష్టమా?" అని అడిగాను.

"నాకా? ఈయిన ట్రంపెట్ ఊదుతడనే చేసుకున్న. బొంబాయిల తట్ట మోసెటోని కోసం మా అవ్వతోని కొట్లాడిన్నా?"

ధర్మా తలవంచుకున్నాడు. "దొడ్డు పెదవులన్నా. ఉస్తాద్ గప్పుడే జెప్పిండు. పెద్ద గిన్నెది ఇయ్యి. అదన్న ఆగుతదేమో."

సైకిల్ దుకాణం తొట్టి

అడిగింది ఇవ్వడం వ్యాపారం. అడిగింది సరైనదో కాదో చూడటం వృత్తి. ఈ రెండింటిలో ఏది ముందో చిన్నవయసులోనే నిర్ణయించుకోండి.

నా దగ్గరున్న పెద్ద గిన్నె మౌత్‌పీస్ ఇచ్చాను. మొదటి పాట గంభీరంగా వచ్చింది. ధర్మా ముఖం వెలిగింది. ఆపొద్దు, ఇంకా వాయించు అన్నాను. మూడో పాటకు స్వరం జారింది, పెదవి అలిసింది. దొడ్డు పెదవికి పెద్ద గిన్నె అన్నది వినడానికి సబబుగా ఉంటుంది, నేను కూడా మొదట అలాగే ఊహించాను. పరీక్షలో నిలవలేదు. పెదవి మందానికీ గిన్నె వెడల్పుకూ సూటి సంబంధం నాకు ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా కనిపించలేదు.

అప్పుడు నాకు ఒక విషయం తట్టింది. నా మౌత్‌పీస్‌తో అతని పెదవి అలిసింది కాని, స్వరం ఒణకలేదు. అతని సొంత మౌత్‌పీస్‌తో మొదటి స్వరం నుంచే ఒణుకు. అలసటకూ ఒణుకుకూ కారణాలు వేరువేరు. అతని ట్రంపెట్‌ను చేతిలోకి తీసుకుని మొదటిసారి మౌత్‌పీస్ కాడను చూశాను.

కాడ కనిపించలేదు. దారం కనిపించింది.

మా బ్యాండ్లలో ఒక ఆచారం ఉంది. దసరాకు వాయిద్యాలను పూజలో పెట్టి, ఉస్తాద్ ప్రతి ట్రంపెట్ మౌత్‌పీస్‌కూ పసుపు దారం చుట్టేవారు. పీర్ల పండుగకు అదే చేత్తో ఎర్ర దారం చుట్టేవారు. ఖాసింకు రెండు పండుగలూ సమానమే, ఎవరి దారాన్నీ తీసేవారు కాదు. వాయిద్యంలో మిగిలిన భాగమంతా జారుడుగా ఉంటుంది కాబట్టి సన్నగా ఉన్న కాడకే కట్టడం అలవాటైంది. ఏడాదికేడాది పొరపై పొర. ధర్మా బ్యాండ్ వదిలినా ఉస్తాద్ కట్టిన దారాన్ని వదల్లేదు, పైపెచ్చు తండాలో తన చేత్తో మరిన్ని పొరలు వేశాడు. ఇప్పుడు గొట్టంలోకి దూరుతున్నది కాడ కాదు, దారపుండ.

దుకాణం పక్కనే సైకిళ్ల షాపు ఉంది. పంక్చర్ చూసే నీళ్ల తొట్టి అరువు తీసుకున్నాను. ట్రంపెట్ వెడల్పాటి నోటికి పాత ట్యూబు ముక్క బిగించి కట్టి, మౌత్‌పీస్ గొట్టంలో దూరే చోటును మాత్రం నీళ్లలో ముంచి ఊదమన్నాను. దారం పోగుల మధ్య నుంచి బుడగలు వరుసగా పైకి వచ్చాయి. సైకిల్ షాపు యజమాని తొంగి చూసి, "ట్రంపెట్‌కు గూడ పంక్చరైతదా సార్?" అన్నాడు. నా దుకాణంలోని సరిపడే మౌత్‌పీస్ పెట్టి మళ్లీ ముంచాను. ఒక్క బుడగ లేదు. అంటే లోపం ట్రంపెట్‌ది కాదు, పెదవులది అసలే కాదు. పలకాల్సిన గాలి దారంలోంచి పారిపోతోంది. దానికి తోడు, కాడ పూర్తిగా దిగకపోవడంతో లోపల ఒక ఖాళీ మిగిలి స్వరం నిలకడ కోల్పోతోంది. ఆ నిలకడను అదిమి పట్టి సాధించాలని చూసి ధర్మా ఏళ్ల తరబడి పెదవిని చీల్చుకున్నాడు.

"దారం తీసేద్దాం," అన్నాను.

ధర్మా మౌత్‌పీస్‌ను గుప్పిట్లో మూసేశాడు. "ఉస్తాద్ కట్టిన దారమన్నా. తిట్టి పంపిండు, నిజమే. గని ఊదుడు నేర్పింది ఆయినే. తెంపితె పాపం గాదా?"

బుడగల లెక్క పాపానికి పనికిరాదు. బూలి లేచి అతని గుప్పిట తెరిచింది.

"దారం కట్టింది ట్రంపెట్‌కు రక్షణకు గదా? మెడకు కట్టేది మెడకు గట్టాలె. నోట్ల కుక్కితె దేవుడు సంతోషపడుతడా? ఇటియ్యి." తెంపలేదు. గోటితో ముడులు విప్పి, ఒక్కొక్క పొర ఊడదీసి, ఆ పొడవాటి దారాన్ని ట్రంపెట్ వంపు చుట్టూ అందంగా అల్లి కట్టింది. "ఇగో, ఉస్తాద్ దారం ఉన్నది. గాలి గూడ ఉన్నది."

దారం పోయాక అసలు సంగతి బయటపడింది. మౌత్‌పీస్ గొట్టంలో గలగలలాడింది. ఆ కాడ సన్నది. ట్రంపెట్ కోసం చేసినది కాదు, దాని పొట్టి చుట్టమైన కార్నెట్ కోసం చేసినది. ఖాసిం గదిలో అన్ని మౌత్‌పీస్‌లూ ఒకే డబ్బాలో ఉండేవి. ఎవరికి ఏది చేతికొస్తే అది. వదులుగా ఉన్నా దారం బిగించేది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. చుట్టూ దారం చుట్టే ఆచారం లేకపోతే ఆ తప్పు మొదటి రోజే గలగలమని అరిచి చెప్పేది.

ఎంపిక చేసిన తీరు

కాబట్టి మొదటి నియమం: కాడ మీ ట్రంపెట్‌కు చెందినదై ఉండాలి. కొంచెం తిప్పి పెడితే బిగిసి ఆగాలి. ఊగకూడదు. దారం, కాగితం, సిగరెట్ పెట్టెలోని తళుకు రేకు, ఏదీ చుట్టకూడదు. ఇది తేలకుండా గిన్నెల గురించి మాట్లాడటం వృథా.

తర్వాత ధర్మాకు సరైన కాడలున్నవి వరుసగా ఇచ్చి చూశాను. కళ్లు మూసుకుని వాయించమన్నాను, మెరుపు చూసి మనసు పారేసుకోకుండా. పొద్దున తాజా పెదవులతో దుకాణంలో నిలబడి ఎంచుకున్న మౌత్‌పీస్‌ను నేను నమ్మను. తాజా పెదవికి ప్రతి గిన్నె ముద్దొస్తుంది. మనవాళ్లు వాయించేది ఎండలో, రాళ్లబాటపై, నడుస్తూ, బరాత్ ఎంతసేపు సాగితే అంతసేపు. పరీక్ష అక్కడే జరగాలి. అందుకని ధర్మాను వాయించుకుంటూ స్టేషన్ దాకా నడిపించి, తిరిగి నడిపించి, పెదవి అలిసిన తర్వాతనే ఒక్కొక్కటి మార్చి చూశాను. స్టేషన్ రోడ్డు మొత్తం తలుపుల్లోకి వచ్చింది. "ఎవలి పెండ్లి సార్? పిల్లేది?" అని అడిగారు. బూలి, "నేనే పిల్లను! మల్ల చేసుకుంటున్న!" అని జవాబిచ్చింది.

గిన్నె లోతు ఎక్కువైతే ధ్వని మెత్తగా, నిండుగా ఉంటుంది, పై స్వరాలకు శ్రమ ఎక్కువ. లోతు తక్కువైతే మోత పదునెక్కుతుంది, అతిగా తగ్గితే తగరపు డబ్బా శబ్దం. అంచు పదునుగా ఉంటే స్వరం చటుక్కున మొదలవుతుంది కాని, నడకలో ప్రతి అడుగుకూ పెదవిని కోస్తుంది. అంచు గుండ్రంగా ఉంటే హాయి, మరీ వెడల్పైతే పెదవి మొద్దుబారుతుంది. ధర్మా పై వరుసలో ఒక కోరపన్ను ముందుకు ఉంది. వెడల్పు గిన్నెల అంచు సరిగ్గా దానిపై పడుతోంది. చివరికి నిలిచింది మధ్యస్థమైన వెడల్పు, కొద్దిగా తక్కువ లోతు, గుండ్రని అంచు. పూత కూడా లేని మామూలు ఇత్తడిది. అన్నింటికంటే గొప్పదని దాన్ని ఎంచుకోలేదు. అలిసిన ధర్మా పెదవిపై కోయకుండా, ఒణకకుండా ఆగినది అదొక్కటే.

పెళ్లి వరకు అతన్ని పాత అలవాటు నుంచి తప్పించడమే నా పని. అదమడం మానాలి. బూలి పక్కన కూర్చుని, అతను ట్రంపెట్‌ను ముఖానికి నొక్కినప్పుడల్లా మోచేతిపై చరిచేది. పెళ్లినాటికి గాయం మానింది. వెన్న పిల్లలకు తిరిగి వచ్చింది.

భూపాలపల్లి పొలిమేర

భూపాలపల్లి అప్పటికి చిన్న ఊరు. పరకాల దాటిన తర్వాత బస్సు కిటికీలోంచి అడవే కనిపించేది. ఆ సాయంత్రం ఊరి పొలిమేరలో రెండు పక్షాలూ నిలబడ్డాయి. అబ్బాయి తరఫున ఖాసిం బ్యాండ్, ఎర్ర కోట్లు, బంగారు అంచులు. ఇటు ధర్మా బ్యాండ్, తెల్ల అంగీలు, తలకు బూలి కట్టిన రంగు రుమాళ్లు. నేను రెండింటికీ మధ్య రోడ్డు పక్కన నిలబడ్డాను. రెండూ నా మనుషులవే.

"తండ బ్యాండట!" అన్నాడు అబ్బాయి వైపు బావ వరుస కుర్రాడొకడు. "వీళ్లు ఊదుతరా, మేకలను తోలుతరా?"

"మేకలొస్తె తోలుతం, బావా! అందుకే ఎదురొచ్చినం!" అని ఇటు నుంచి ఎవరో అందుకున్నారు. పొలిమేర గొల్లుమంది.

ఖాసిం మొదలుపెట్టారు. ఆయన వయసు పెరిగింది కాని ధ్వని పెరిగిన వయసు చెప్పలేదు. నిండుగా, వంపులు తిరుగుతూ ఒక పాట వాయించి ఆపారు. ధర్మా అందుకున్నాడు. మొదటి స్వరం వినగానే ఖాసిం కనుబొమలు లేచాయి. ఒణుకు లేదు. ధర్మా పాటను ఒక మెట్టు పైకి తీసుకుపోయాడు. ఖాసిం మరో మెట్టు. ధర్మా మరొకటి. డోళ్లు రెండు వైపులా ఒకే దెబ్బపై కలిసిపోయాయి. బూలి ఆడవాళ్ల ముందు వరుసలో నిలబడి, తన మోచేతిని తానే గట్టిగా పట్టుకుని ఉంది.

చివరి మెట్టు దగ్గర ఖాసిం స్వరం ఒక్క క్షణం చీలింది. ఆయన మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ చీలింది. ధర్మా ట్రంపెట్ ఎత్తాడు. ఆ స్వరాన్ని అందుకున్నాడు, పట్టుకున్నాడు, దాన్ని వదలకుండా నడవడం మొదలుపెట్టాడు. అడుగు వేసినా స్వరం కదల్లేదు. ఖాసిం తన ట్రంపెట్ దించారు.

తర్వాత ఏమైందో మాటల్లో పెట్టడం కష్టం. అమ్మాయి తరఫువాళ్లు పూలు చల్లారు, మేకల మాట అన్న కుర్రాడే ముందుగా ఈల వేశాడు. తండా బ్యాండ్ ముందు నడుస్తూ, ఖాసిం బ్యాండ్ వెనక అందుకుంటూ, ఊరంతా దాటి పందిరి చేరాయి. దారిలోనే ఇద్దరు ఇంటిపెద్దలు బూలిని పక్కకు పిలిచి తమ ఇళ్ల పెళ్లిళ్లకు మాట తీసుకున్నారు. బొంబాయి ప్రసక్తి మళ్లీ రాలేదు.

ఖాసిం ఓటమికి దారం ఒక్కటే కారణమని నేను రాయను. ఆయనకు వయసు వచ్చింది, ఎండలో ప్రయాణం చేసి వచ్చారు, ఎదుటివాడు యువకుడు. ఒక్క సంఘటనతో ఏదీ రుజువు కాదు. అయితే ఆయన మౌత్‌పీస్ కాడపై ఉన్న దారపుండ ధర్మాదానికి రెండింతలుండేది. ఒక జీవితకాలం ఆయన దాన్ని తన ఊపిరి బలంతో దాటుకుంటూ వచ్చారు. ఆ బలానికి నేను ఇప్పటికీ నమస్కరిస్తాను.

పందిరి దగ్గర చాయ్ తాగుతుండగా ఖాసిం నేరుగా ధర్మా దగ్గరికి వచ్చారు. ధర్మా లేచి ఆయన కాళ్లకు మొక్కాడు. ఖాసిం అతని గడ్డం పట్టి ముఖం వెలుతురుకు తిప్పి పెదవిని చూశారు. తర్వాత ట్రంపెట్ తీసుకుని కాడ చూశారు.

"నా దారమేది?"

"ఇగో ఉస్తాద్," అని ధర్మా వంపు చుట్టూ అల్లిన దారం చూపించాడు. "తెంపలే. జాగ మార్చినం."

"ఎవరు జెప్పిండ్రు? బియ్యెస్సీ గాడా?"

"గాలి పోతున్నదని అన్న జెప్పిండు," అంది బూలి. "దారం నేను మార్చిన. తిడితె నన్ను తిట్టుండ్రి."

ఖాసిం తన ట్రంపెట్ నుంచి ఆ వెండి మౌత్‌పీస్ లాగి, బూలి చేతిలో పెట్టారు.

"గిది గూడ జర విప్పు బిడ్డా. తెంపకు."

ఆమె కింద కూర్చుని విప్పింది. ఎర్రవి, పసుపువి, రంగు తెలియనంత పాతవి. ఒడి నిండింది. అడుగున కాడ బయటపడింది. అది అసలైన ట్రంపెట్ కాడే. ఖాసిం దాన్ని గొట్టంలో పెట్టి కొంచెం తిప్పారు. అది ఎన్నడూ దిగనంత లోతుకు దిగి బిగిసింది. ఆయన నిలబడి, కళ్లు మూసుకుని, సాయంత్రం తనకు చీలిన స్వరాన్నే ఊదారు. చీలలేదు. పందిరి కింద పిండివంటల దగ్గరున్నవాళ్లు కూడా చేతులాపి చూశారు. ధర్మా అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఖాసిం ట్రంపెట్ దించి నావైపు తిరిగారు. ఆ ముఖంలో ఓడినవాడి జాడ ఏ కోశానా లేదు.

"ఏ బియ్యెస్సీ! సూస్తవేంది? చద్దర్ గట్టు. వెండిదో ఇత్తడిదో ఇప్పుడు జెప్త!"

పెళ్లివారిని అడిగి ఒక పలుచటి దుప్పటి తెచ్చి, రెండు పందిరి గుంజల మధ్య కట్టాను.